సవతి దగ్గర చీనా పాఠం

తెల్లారి లేవగానే అప్పలనర్సమ్మ చేసే మొదటి పని ఉప్పు బస్తాను తడిమి చూడటం. అరకులో మంచు పట్టే నెలల్లో మనిషికన్నా ముందు ఉప్పుకి చెమ్మ తగులుతుంది. అందుకని బస్తాల్ని పొయ్యి మీది అటకపైన పెట్టేది. చేతికి గుల్లగా తగిలితే ఆ రోజు మంచిదే. ముద్దగా తగిలితే కిందికి దించి, చాప మీద పరిచి, పొయ్యిలోకి మరో రెండు కట్టెలు తోసి, ఆ తరవాతే మొహం కడుక్కునేది. శృంగవరపుకోట నుంచి ఎద్దుల మీద ఘాటీ ఎక్కి వచ్చే ఉప్పూ, ఎండుచేపలూ, పొగాకూ ఆమె కొట్లో సరుకు. కొండవాళ్లు తెచ్చే చింతపండూ, పసుపూ, వలిసెలూ ఆ ఎద్దుల మీదే దిగువకి పోయేవి. శుక్రవారం సంత. మిగతా రోజుల్లో ఎవరింట్లో ఉప్పు నిండుకుంటే వాళ్లు వచ్చి గడపలో కూర్చునేవారు.

కొట్టూ ఇల్లూ ఒకటే. ముందు గది కొట్టు, వెనక గది కాపరం, ఆ వెనక కొండే గోడ. మొత్తానికి ఒక్కటే తలుపు. దాన్ని వరహాలరావు ఇల్లు అనేవారు ఊళ్లో. వరహాలరావు ఆ ఇంట్లో ఒక్క వానాకాలం కూడా పూర్తిగా ఉన్న పాపాన పోలేదు. పెళ్లయిన కొన్నాళ్లకే భీమిలిలో ఓడెక్కి రంగం పోయాడు. రంగూన్‌ని ఆ వైపు రంగం అనే అంటారు. ఏటేటా కప్పు వేయించిందీ, గోడలు మెత్తిందీ, సాలూరు పుట్టింటి నుంచి తెచ్చుకున్న సొమ్ముతో కొట్టు పెట్టిందీ నర్సమ్మే. అయినా ఇల్లు ఆయనదే. ఆడది మెత్తిన గోడకి మగవాడి పేరు దానంతటదే అంటుకుంటుంది, సున్నం కూడా అక్కర్లేదు.

ఆ వరహాలరావు, వలిసె చేలు లోయంతా పసుపు పరిచినట్టు పూసిన రోజుల్లో, బండి దిగాడు. వెంట ఒక చీనా అమ్మాయి.

"ఇది మేలీ. రంగంలో కట్టుకున్నాను," అన్నాడు, కొత్త గొడుగు కొన్నాను అన్నంత తేలిగ్గా.

నర్సమ్మ బండిలోంచి ఆయన పెట్టె దించుకుంది. నోరు తెరిచి ఉంటే వచ్చేది చాలా పెద్ద మాటే అయ్యుండేది.

వారం తిరక్కుండా ఆయన మళ్లీ ప్రయాణమయ్యాడు. రంగంలో బస మారుస్తున్నాడట, అంతదాకా మేలీ ఇక్కడే ఉంటుందట. బండిలో కూర్చుని, కండువా సర్దుకుంటూ చెప్పాడు: "వచ్చే ఏడు వలిసె పూసే వేళకి వస్తాను. ఎవరు నాతో రావాలో, ఎవరు ఇక్కడ ఉండాలో, ఎవరు పుట్టింటికి పోవాలో అప్పుడు తేలుస్తాను."

ఉన్నది ఇద్దరు ఆడవాళ్లు. చెప్పింది మూడు దారులు. వాటిలో వాళ్లు ఎంచుకోవడానికంటూ ఒక్కటీ లేదు.

బండి మలుపు తిరిగేదాకా ఆగి నర్సమ్మ తిట్టడం మొదలుపెట్టింది. సాలూరు ఆడపడుచు, ఆ విద్య ఆమెకి ఎవరూ నేర్పక్కర్లేదు. పొద్దుట మొదలుపెట్టి పొయ్యి మీద ఎసరు కాగేదాకా తిట్టింది. చీనా అమ్మాయి చేతులు కట్టుకుని, ఎంతో శ్రద్ధగా విని, తల ఊపి, చివర్లో చిన్నగా నవ్వి, గొంతు ఎండిపోయి ఉంటుందని లోటాతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. గోడని తిట్టినా కాస్త పెచ్చు రాలుతుంది. ఈ మనిషి దగ్గర అదీ లేదు.

ఇలా కొన్నాళ్లు నడిచాక, ఉప్పుకోసం వచ్చిన కనక గడపలో చతికిలబడింది. కనక పై ఊరి కొండదొరల తెగ మనిషి. నర్సమ్మతో నేస్తం కట్టింది. కొండ మీద నేస్తమంటే తోబుట్టువుకన్నా ఎక్కువ.

"ఏటి నేస్తం, గెడ్డ దాకా ఇనబడతంది నీ గొంతు. ఎవుల్ని తిడతన్నావు?"

"ఎవుల్నేటి, ఈ గుంటనే."

"అది నవ్వుతంది కదా."

"అదే కదే నా కర్మ. తిట్టు తగలాలంటే తిన్నోళ్లకి అర్దమవ్వాల. నానేమో తిడతన్నాను, అదేమో మంచినీళ్లిస్తంది."

కనక పొగచుట్టని నిప్పు కొస నోట్లోకి తిప్పి పెట్టుకుంది. "అయితే దాని బాస నేర్సుకో. నేర్సుకుని తిట్టు."

"ఎవుల దగ్గిర నేర్సుకోను? ఈ కొండల్లో సీనా పంతుళ్లున్నారేటి?"

"ఎందుకూ, ఇంట్లోనే ఉంది కదా," అంది కనక, గడ్డంతో చూపిస్తూ.

అలా మొదలైంది చదువు. సవతిని తిట్టడానికి సవతి దగ్గరే.

మరునాడు నర్సమ్మ తలుపు మీద చెయ్యి వేసి, కళ్లెగరేసి, ఏటిది అన్నట్టు చూసింది. అమ్మాయి మొహం విచ్చుకుంది. "మూన్," అంది. నర్సమ్మ "మూన్" అంది. అమ్మాయి తల అడ్డంగా ఊపింది. నర్సమ్మ మళ్లీ అంది. మళ్లీ కాదంది. అప్పుడు అమ్మాయి లేచి తన సంచీ తెచ్చుకుంది. రంగం నుంచి ఆమె తెచ్చుకున్నది ఆ ఒక్క సంచీయే, అందులో నగలుంటాయని నర్సమ్మ అనుమానం. బయటపడ్డవి ఒక ఉలి, చిన్న సుత్తి, చేతులు పట్టి పట్టి నున్నబడ్డ చిత్రిక. ఆమె వడ్రంగి కూతురు.

ఒక చెక్క పలక తెచ్చి ఒక కొస ఎత్తుగా ఆనించింది. చీనా మాటకి పలుకు ఒక్కటే చాలదు, నడక కూడా ఉండాలి. కింద నుంచి పైకి ఎక్కే మాటలున్నాయి, పై నుంచి కిందికి దిగే మాటలున్నాయి, ఎత్తూ పల్లం లేకుండా చివరికంటా పోయేవి ఉన్నాయి. అమ్మాయి చిత్రికని పలక మీద పై నుంచి కిందికి మెల్లిగా నడిపిస్తూ "మూన్" అంది. పొర ఒకటి తెగకుండా చుట్టచుట్టుకుని ఒళ్లో పడింది. ఇప్పుడు నువ్వు అని చిత్రిక అందించింది. నర్సమ్మ తొందరపడితే పొర తెగేది, గొంతు పెంచితే పలక లేచి పేడు విరిగేది. పొర ఒక్కటిగా వచ్చేదాకా అమ్మాయి ఒప్పుకునేది కాదు.

"మా అత్త కూడా నన్నింత సతాయించలేదు," అని నర్సమ్మ సణిగేది. చెమట తుడుచుకుని మళ్లీ పట్టేది.

సంతకి వచ్చే దిగువ షావుకార్ల ఇళ్ల ఆడవాళ్లు బండి దిగకుండానే చీనా అమ్మాయి కాళ్లకేసి చూసేవారు. ఆ దేశంలో పిల్లలకి పాదాలు కట్టేస్తారట, ఎంత ఘోరమో అని బుగ్గలు నొక్కుకునేవారు. ఆమె పాదాలు నర్సమ్మ పాదాలకన్నా ఓ వేలు పెద్దవి, ఆ కాళ్లతోనే ఆమె రోజూ గెడ్డకి దిగి నీళ్లు తెచ్చేది. జాలిపడ్డ ఆడవాళ్లకి మాత్రం బండి దిగి నాలుగు అడుగులు వెయ్యాలన్నా ఇంటాయన సరేననాలి.

నర్సమ్మకి తలుపు మాట పట్టుబడిన రోజున కనక అక్కడే ఉంది. నర్సమ్మ గొప్పగా నోరు తెరవబోతే, కనక చటుక్కున అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండు ఉండు. కొత్త సేసినావేటి?"

ఆ కొండల్లో కొత్త మామిడికాయ గానీ, కొత్త సామలు గానీ, చిక్కుడు గింజ గానీ దేవతకి పెట్టకుండా ఎవరూ నోట పెట్టరు. ఆ పండగ పేరే కొత్త. ముందు తిన్నవాడికి మంచి జరగదు.

"మాటకి కొత్తేటే?" అంది నర్సమ్మ.

"నోట్లో పండింది పంట కాదేటి? ఇన్నాళ్లు సాకిరీ సేసి పండించినావు. అమ్మకి పెట్టకుండా వాడేసుకుంతావా?"

ముగ్గురూ పై ఊరి చేను గట్టు మీదికి వెళ్లారు. అక్కడ నిలబెట్టిన రాయే దేవత. కనక మొగుడు సుక్రు పూజారి. అతను గుప్పెడు సామలు చల్లి, కాసింత ఇప్పసారా పోసి, పక్కకి తప్పుకున్నాడు. నర్సమ్మ చేతులు జోడించి రాయికి "మూన్" అని చెప్పింది. చీనా అమ్మాయి దేవత ముందు కూడా ఊరుకోలేదు, ఇంకాస్త దించమని చెయ్యి కిందికి ఊపింది. నర్సమ్మ మళ్లీ చెప్పింది.

మరునాడు పొద్దున్న తలుపు తెరుచుకోలేదు. నర్సమ్మ తోసింది, భుజం ఆనించింది, కాలితో తన్నింది. అది కొండలా నిలబడింది. ఆ తరవాత ఆమెకి గుర్తొచ్చి, గొంతు తగ్గించి "మూన్" అంది. తలుపు తెరుచుకుంది. బయట వాకట్లో ఉప్పుకోసం కూర్చున్న కనక లోపలికి వస్తూ, "మరి దాని పేరు అదే కదా ఇప్పుడు," అంది. అంతకన్నా ఆ విషయం గురించి ఎవరూ మాట్లాడలేదు. కొట్టుకి వచ్చేవాళ్లు తలుపు మూసి ఉంటే "మూన్" అనుకుని రావడం మొదలుపెట్టారు.

మామిడి కొత్తకి మరికొన్ని మాటలు పండాయి. నిప్పుకి "ఫో". నీళ్లకి "సొయ్". కోడికి "గాయ్". ఉప్పుకి "యీమ్". అన్నీ అమ్మకి పెట్టారు, అన్నీ ఆ పేర్లకే అలవాటుపడ్డాయి. ఫో అంటే గానీ పొయ్యి అంటుకునేది కాదు. నులకమంచానికి "చోంగ్" అని చెప్పకపోతే, మీద కూర్చున్న మనిషిని జారవిడిచేది. శుక్రవారం సంతలో యీమ్ యీమ్ అని ఆడవాళ్లంతా ఒకటే పాటగా ఉండేది, నర్సమ్మ కొలవడమే తరువాయి. దొంగ కొలత కొలిచే అలవాటున్న దిగువ షావుకారు ఒకడు, ఓ సంత నాడు ఆమె అటు తిరిగింది కదా అని బస్తాలో చెయ్యి పెట్టాడు. ఉప్పు రాయిలా బిగుసుకుంది. "ఏమమ్మా, ఇది ఉప్పేనా?" అన్నాడు మణికట్టు రుద్దుకుంటూ. "ఉప్పయితే కాదు బాబూ," అంది పక్కనున్న ముసలమ్మ. తరవాత బస్తా మీదికి వంగి "యీమ్" అని, తన అడ్డాకు దొప్ప నింపుకుని వెళ్లిపోయింది.

వానాకాలం వచ్చేసరికి నర్సమ్మ దగ్గర మాటలు పోగుపడ్డాయి. ఒక మధ్యాహ్నం, చూరు నుంచి ధారలు పడుతుంటే, ఇక కూర్చవచ్చు అనిపించింది. తిట్టు ఎలా మొదలుపెట్టి ఎలా ముగించాలో లోపల్లోపల చిత్రిక పట్టుకుంది. తరవాత లేచి నిలబడి, నడుం మీద చెయ్యి వేసి, చీనాలో మొదలుపెట్టింది.

"మొగుణ్ణి దొంగిలించినదానా. నా అన్నం తిన్నావు. నా పొయ్యి దగ్గర చలి కాచుకున్నావు. నీ మొహం తీసుకుపోయి గెడ్డలో పడు."

అమ్మాయి చిత్రిక కింద పెట్టింది. చివరిదాకా విన్నది. "దొంగిలించినదానా" దగ్గర గొంతు ఎత్తాలి, దించకూడదు అని సరిదిద్దింది. నర్సమ్మ కోపంగానే సరిగ్గా పలికింది. అప్పుడు ఆ అమ్మాయి రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది.

తిట్టు తగిలిందని నర్సమ్మకి మొదట సంతోషమే కలిగింది.

"మా నాన్న పోయాక," అంది అమ్మాయి ఏడుపు మధ్యలోంచి, "నన్ను నా భాషలో ఎవరూ తిట్టలేదు. ఇంకోసారి తిట్టు."

రెండోసారి తిట్టకుండా నర్సమ్మ పక్కనే కూర్చుంది. తిట్టడానికని నేర్చుకున్న భాష వినడానికి కూడా పనికొస్తుందని ఆమె అప్పటిదాకా అనుకోలేదు. వడ్రంగికీ వరహాలరావుకీ రంగంలో కలపవ్యాపారం పొత్తు. వడ్రంగి మంచాన పడ్డప్పుడు, నీ కూతుర్ని నేను చూసుకుంటానన్నాడట వరహాలరావు, నా భార్య పోయింది అని కూడా చెప్పాడట.

"పోయిందా? నానా?" అంది నర్సమ్మ, తెలుగులోకి జారిపోయి. మళ్లీ చీనాలోకి వచ్చి అడిగింది. "ఎలా పోయానని చెప్పాడు?"

"జ్వరం."

"జ్వరమా?" నర్సమ్మకి నిజంగా మనసు నొచ్చింది. "ఇన్ని కొండల మధ్య ఉన్నదాన్ని, కనీసం పులి ఎత్తుకుపోయిందని చెప్పొచ్చు కదా."

అమ్మాయి ఏడుపు ఆపి నవ్వింది. ఈ నవ్వు నర్సమ్మకి మంట పుట్టించలేదు. ఆ రాత్రి చేపలు అల్లంతో వేయించినవి. వేయించడం చీనా పద్ధతి, పక్కన చింతపండు పులుసు సాలూరుది. ఆ రోజు నుంచి అమ్మాయి ఆమెని "గాజే" అనడం మొదలుపెట్టింది. అక్కయ్య అని అర్థం.

సామ కొత్త దగ్గరపడుతుండగా కనక వేళ్లు మడుస్తూ లెక్క చూసింది. "తలుపుకి అయిపోనాది, నిప్పుకి అయిపోనాది, ఉలికీ సుత్తికీ అయిపోనాది. ఈ గుంట పేరేటి నేస్తం?"

"మేలీ."

"అది మీ ఆయన పిలిసీది. దానికి వోళ్లమ్మ పెట్టిన పేరేటి అంటన్నాను."

దాదాపు ఒక ఏడు కలిసి తిని, కలిసి పడుకుని, గుంట అనీ ఒసే అనీ గడిపేసింది గానీ, ఆ సంగతి అడగాలని నర్సమ్మకి తోచనే లేదు. అడిగితే ఆ అమ్మాయి చిత్రిక చేతిలోకి తీసుకుని, పలక కింది కొస నుంచి పైకి నడిపిస్తూ సగం పేరు చెప్పింది, పై నుంచి కిందికి దించుతూ మిగతా సగం. మే. లాన్. రెండు పొరలు రెండు వైపులకీ చుట్టుకుని పడ్డాయి. రంగంలో వరహాలరావు నోటికి ఆ రెండోది బరువైంది, విరిచేసి మేలీ చేసుకున్నాడు.

ఆ పేరు నేర్చుకోవడానికి నర్సమ్మకి తక్కిన మాటలన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది. సామ కొత్త రోజున సుక్రు కొత్త సామలతో పాటు ఆ పేరునీ అమ్మకి పెట్టించాడు. అప్పటి నుంచి మేలాన్‌కి మేలీ అన్న పిలుపు వినపడలేదు. వినీ విననట్టు ఊరుకోవడం కాదు, గాలి వీచినట్టు పక్కనుంచి పోయేది. పై ఊరి ఆడవాళ్లు రెండు మూడుసార్లు పొరపాటున పిలిచి, నాలిక కరుచుకుని, సరిగ్గా పిలిచేవారు. అప్పుడు తిరిగి చూసేది.

వలిసె మళ్లీ పూసింది. లోయ పసుపు తేలుతున్న కొద్దీ నర్సమ్మకి అన్నం సయించడం మానేసింది. సాలూరులో అన్నయ్య ఇల్లు కళ్లముందు మెదిలేది, వదినగారి మొహంతో సహా. రంగం ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు. ఈ ఇంట్లో తన చేతి గుర్తు లేని జానెడు గోడ లేదని మాత్రం తెలుసు. కొన్నాళ్ల కిందట అయితే, మేలాన్ పోవాలి, తను ఉండాలి అని దణ్ణం పెట్టుకునేది. ఇప్పుడు దణ్ణం పెట్టుకోబోతే అందులో మాటలు అమరేవి కావు.

వరహాలరావు ఒక పగటిపూట వచ్చాడు. తలుపు తోశాడు, తట్టాడు, "ఒసేయ్, తలుపు" అని అరిచాడు. లోపల్నుంచి నర్సమ్మ తెరిచింది. చలిగాలికి అది ఆయన వెనకే మూసుకుంది. ఆయన మంచం మీద కూర్చోబోయి నేల మీద తేలాడు. కుండలో లోటా ముంచితే నీళ్లు పైకి రాలేదు. నర్సమ్మ "సొయ్" అని ముంచి ఇచ్చింది, ఎత్తి పోసుకుని తాగాడు.

"అన్నీ చీనా అయిపోయాయా ఇంట్లో," అన్నాడు, ధరలు పెరిగాయని విసుక్కున్నట్టు. ఏళ్ల తరబడి ఆ మనిషితో రంగంలో కాపరం చేసి, ఆయన నేర్చుకున్న చీనా మాట ఒక్కటీ లేదు. అవసరమేముంది, ఆయనకి కావలసిన నాలుగు తెలుగు మాటలూ ఆవిడే నేర్చుకుందిగా.

ఉప్పుకోసం వచ్చిన కనక మూల కూర్చునే ఉంది. మేలాన్ కిటికీ కింద పలకని చిత్రిక పడుతోంది. పొయ్యి మీద చేపలు వేగుతున్నాయి. వరహాలరావు గోడకి ఆనుకుని తీర్పు చెప్పాడు. రంగం రేవు దగ్గర పూటకూళ్ల ఇల్లు పెడుతున్నాడు. ఓడ దిగే కూలీలందరికీ అన్నం కావాలి. వంటమనిషిని పెట్టుకుంటే జీతమివ్వాలి, మేలీ అయితే ఊరికే వండుతుంది. అందుకని మేలీ రంగం వస్తుంది, నర్సమ్మ సాలూరు పోతుంది, ఇల్లు అమ్మేస్తాడు.

"మేలీ, మూట కట్టు. బండి ఆగి ఉంది."

చిత్రిక ముందుకి పోయింది, వెనక్కి వచ్చింది.

"మేలీ."

పొర ఒకటి చుట్టుకుని నేల మీద పడింది. వరహాలరావు లేచి వెళ్లి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. మేలాన్ తలెత్తి, వెలుతురికి అడ్డం వచ్చిన మనిషిని చూసినట్టు చూసి, పలకని కాస్త పక్కకి జరుపుకుంది. ఒళ్లో ఉలి ఉంది. చెయ్యి పట్టి లాగుదామని వంగినవాడు, ఉలిని చూసి నడుం నొప్పి వచ్చినట్టు లేచాడు.

"దీనికి చెవుడు వచ్చిందా?"

"లేదు బాబూ," అంది కనక. "పేరెట్టి పిలిస్తే పలుకుద్ది."

వరహాలరావు వెనక్కి వచ్చి నర్సమ్మ దగ్గర కూర్చున్నాడు. పెళ్లయ్యాక ఎన్నడూ కూర్చోనంత దగ్గరగా. గొంతు మార్చాడు.

"నువ్వు పిలిస్తే వింటుందటగా. నువ్వు చెప్పు నర్సమ్మా. దాని భాషలో చెప్పి పంపు. అది బండెక్కితే ఈ ఇల్లూ కొట్టూ నీకే వదిలేస్తాను. ఇప్పుడే ఈ కొండల పెత్తనం చేసే ముఠాదారు దగ్గరికి పోయి నలుగురి ఎదుట చెప్పేస్తాను. నీకు మాత్రం సవతి ఎందుకు చెప్పు?"

ఆయన నోట తన పేరు విని నర్సమ్మకి ఆశ్చర్యమేసింది. ఈ మాటలు ఏడాది కిందట ఆమె కలలో విన్నవే. ఒక్క వాక్యం చాలు, అవసరమైన మాటలన్నీ ఆమె దగ్గర ఉన్నాయి, అన్నీ నున్నగా ఉన్నాయి. ఇల్లు తనది అవుతుంది, అటక తనది, బస్తాలు తనవి. పొద్దున్నే లేచి ఉప్పు తడిమి చూసి, చెమ్మ పట్టిందో లేదో ఎవరికీ చెప్పకుండా తనలో తానే అనుకోవచ్చు.

ఆమె లేచింది. గొంతు కింద నుంచి పైకి తీసుకెళ్లి, పై నుంచి కిందికి దించింది.

"మేలాన్."

మేలాన్ తలెత్తింది. వరహాలరావు హమ్మయ్య అనుకున్నాడు.

నర్సమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన రంగంలో వంటకి రమ్మంటున్నాడు, జీతం ఉండదు. నువ్వు వెళితే ఈ ఇల్లు నాకిస్తానంటున్నాడు. వెళ్లకపోతే అమ్మేస్తానంటున్నాడు. వెళ్లాలో ఉండాలో నేను చెప్పను, అది నువ్వే చెప్పాలి.

మేలాన్ చిత్రిక సందులో ఇరుక్కున్న పొట్టు వేలితో తీసింది. తరవాత పొయ్యి వైపు చూసి రెండు మాటలంది.

"ఏమంటోంది?" అన్నాడు వరహాలరావు ఆత్రంగా.

"సేపలు మాడిపోతన్నాయి, బేగి రమ్మంటంది."

"నన్నా?"

"నన్ను," అంది నర్సమ్మ.

ఆమె వెళ్లి చేపల్ని పొయ్యి మీంచి దించింది. వరహాలరావు మొహం కందగడ్డలా అయింది. ఇంటి పెద్దని, మొగుణ్ణి, ఇంకా చాలా చాలా అన్నాడు. నాలుగు గోడలూ కప్పూ శృంగవరపుకోటలో అమ్మి పారేస్తానన్నాడు, రేపే బేరం తెస్తానన్నాడు.

"తెండి," అంది నర్సమ్మ, అన్నం వడ్డిస్తూ. "కొన్నోడికి ముందు తలుపు తియ్యడం నేర్పాల. పొయ్యి రగిలించడం నేర్పాల. నేర్పీ వోళ్లమంటారా, మేవిద్దరమే ఉన్నాం."

కనక లేచి ఉప్పు మూట నెత్తిన పెట్టుకుంది. "సేను కోతకొచ్చింది, ఎలతాను నేస్తం," అంది. "మూన్," అంది తలుపుతో. బయటికి వెళ్లింది. తలుపు మూసుకుంది.

వరహాలరావు గొడుగు తీసుకుని తలుపు దగ్గరికి విసురుగా వెళ్లి, అక్కడే నిలబడ్డాడు. తోశాడు. లాగాడు. బయట బండివాడు ఎద్దుల మెడలో గంటలు కదిలిస్తున్నాడు, లోపల ఇద్దరు ఆడవాళ్లు తింటున్నారు. ఎవరూ ఆయన వంక చూడటం లేదు. కోపంగానూ లేరు. అన్నంలో పులుసు కలుపుకుంటూ, పలక దేనికి పనికొస్తుందో, అటకకి ఇంకో అర వెయ్యాలా వద్దా అని మాట్లాడుకుంటున్నారు. ఆయనకి ఒక్క ముక్క అర్థం కావడం లేదు.

కాసేపటికి ఆయన గొంతు సవరించుకుని, పక్కకి చూస్తూ, "మూన్" అన్నాడు.

తలుపు కదల్లేదు.

"పైకి పోకూడదు," అంది మేలాన్ చీనాలో, చేపముల్లు పక్కన పెడుతూ.

"దించి పలకమంటంది," అంది నర్సమ్మ. "గట్టిగా అంటే ఇనదు. ఇంకోసారి అనండి."